పల్నాటి నీళ్ళలో కడిగిన ఫిల్ము



నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవడం, ఆరిన నెగిటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఈ రెండు పనుల్లో ఉన్న కష్టసుఖాల గురించి ఈ పూట మాట్లాడతాను. నేను ఈ పని చేసేది అచ్చంపేటలో. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఉన్న అచ్చంపేట అనుకునేరు. మాది కృష్ణ ఒడ్డు అచ్చంపేట. మా మండలంలోని మాదిపాడు రేవులో బల్లకట్టు ఎక్కితే అవతలి ఒడ్డున ముక్త్యాల. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండేవాళ్ళం, ఇప్పుడు పల్నాడు జిల్లా.

ఊరి సంగతి ముందే ఎందుకు చెప్పానంటే, ఫిల్ము కడగడం ఊరిని బట్టి మారే పని. పుస్తకాల్లో ఉన్న లెక్కలన్నీ చల్లటి దేశాల్లో వేసినవి. వాటిని పల్నాటి ఎండకూ, పల్నాటి నీటికీ సరిపెట్టుకోవడంలోనే సగం కష్టం ఉంది. ఆ కష్టంలో నుంచే నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది కూడా.

అసలు ఫిల్ము కడిగే డబ్బాలో ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఫిల్ము మీద పల్చటి జిలటిన్ పొర ఉంటుంది. ఆ పొర నిండా సిల్వర్ బ్రోమైడ్ రవ్వలు, అంటే వెండి ఉప్పు రవ్వలు. కెమెరా షట్టర్ తెరుచుకున్న క్షణంలో వెలుగు తగిలిన రవ్వలు లోలోపల మారతాయి. కంటికి మాత్రం ఏమీ కనపడదు. ఫిల్మును డెవలపర్‌లో ముంచితే ఆ మారిన రవ్వలు నల్లటి వెండిగా తయారవుతాయి. మిగిలిపోయిన రవ్వలను హైపో అనే మందు కరిగించి తీసేస్తుంది. హైపో వెండి ఉప్పును కరిగిస్తుందని జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లోనే కనిపెట్టాడు. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడయింది 1839లో. అంటే బొమ్మను నిలబెట్టే మందు, బొమ్మ కంటే 20 ఏళ్ళు ముందే పుట్టి ఎదురుచూసిందన్నమాట.

డెవలపర్లలో పాతకాపు డి-76. కొడాక్ కంపెనీ వాళ్ళ సూత్రం, 1927 నాటిది. లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. దాదాపు నూరేళ్ళుగా ఈ నాలుగు దినుసులూ మారలేదు. త్రాసు, గరిటె, గోరువెచ్చని నీళ్ళు ఉంటే ఎవరైనా కలుపుకోవచ్చు. చేతికి తొడుగు వేసుకుని, గాలి ఆడే చోట, వంటింటి గిన్నెలు ముట్టుకోకుండా, పిల్లలకు అందకుండా కలుపుకోవాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక ఎండ మాట. ఈ మందులన్నిటికీ రాసిన సమయాలు 20 డిగ్రీల వేడికి రాసినవి. మా జిల్లాలోనే ఉంది రెంటచింతల. వేసవిలో రేడియో వార్తల్లో ఎక్కువగా వినపడే పేరది. మే నెలలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మా ఊళ్ళోనూ అప్పుడు మేడ మీద ట్యాంకు కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అలాంటి నీళ్ళలో 20 డిగ్రీలు ఎక్కడి నుంచి తెస్తాం? ఐసు తేవాలి. తొట్టిలో ఐసు ముక్కలు, అందులో మందు సీసాలు, ఒక్కో సీసాలో థర్మామీటరు. మందు చల్లబడేసరికి గది వేడికి ఐసు కరిగిపోతుంది.

వేడిలో కడిగితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. మొదటిది, సమయం తరిగిపోతుంది. ఇల్‌ఫర్డ్ కంపెనీ హెచ్‌పీ5 ఫిల్మును వాళ్ళదే ఐడీ-11 డెవలపర్‌లో నీళ్ళు కలపకుండా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పట్టాలి. 24 డిగ్రీలకు అది సుమారు 5 నిమిషాలకు దిగుతుంది. ఇంకా వేడెక్కితే మందు ఫిల్మంతటా సమానంగా పరుచుకునే వ్యవధి దొరకదు. ఆకాశం ఉన్న చోట చారలు పడతాయి. రెండోది ఇంకా ప్రమాదం. జిలటిన్ వేడికి ఉబ్బి మెత్తబడుతుంది. వేడి మందులోంచి తీసి చల్లటి నీళ్ళలో వేశామా, ఆ పొర ఒక్కసారిగా ముడుచుకుని, ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు తీస్తుంది. ఆ ఫిల్మును మళ్ళీ బాగుచేయడం ఎవరి వల్లా కాదు. అందుకే డెవలపర్, హైపో, కడిగే నీళ్ళు మూడూ ఒకే వేడిలో ఉండాలి. 20 దొరక్కపోతే 24 దగ్గర మూడింటినీ నిలబెట్టుకోవడం మేలు. ఒకటి 20, ఇంకోటి 32 ఉండటం అన్నిటికంటే చెడు.

మా ఊళ్ళో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన దగ్గర నేను ఈ పని నేర్చుకున్నాను. ఊరంతా ఆయన్ని స్టూడియో బాబాయి అనేవాళ్ళు. నాకూ బాబాయే. ఆయన వేసవిలో హైపోలో పటిక కలిపేవాడు. కృష్ణకు కొత్త నీళ్ళు వచ్చి బురదగా ఉన్నప్పుడు బిందెలో తిప్పే పటికే. పటిక జిలటిన్‌ను గట్టిపరుస్తుంది. పెద్ద కంపెనీల పాత సూత్రాల్లో కూడా అది ఉంది. కానీ దానికో మూల్యం ఉంది. గట్టిపడిన పొరలోంచి హైపో తొందరగా బయటికి రాదు, ఎక్కువ సేపు, ఎక్కువ నీళ్ళతో కడగాలి. హైపో మిగిలిపోతే కొన్నేళ్ళకు నెగిటివ్ పచ్చబడి, బొమ్మ వెలిసిపోతుంది. ఎండాకాలంలో వేడి ఎక్కువ, నీళ్ళు తక్కువ. పటిక వేస్తే నీళ్ళు చాలవు, వేయకపోతే పొర నిలవదు. ఈ చిక్కుముడికి బాబాయి జవాబు ఒక్కటే. "అబ్బాయ్, మే నెలలో ఫొటోలు తియ్యి. కడగడం తెల్లవారుజామున పెట్టుకో." ధనుర్మాసంలో అయితే ఆ వేళ తొట్టి నీళ్ళకు ఐసు అవసరమే పెద్దగా రాదు. మా ప్రాంతంలో ఫిల్ము కడగడానికి ఏడాదిలో మంచి రోజులు అవే.

నీళ్ళు పొదుపు చేసే దారి ఒకటి ఇల్‌ఫర్డ్ వాళ్ళు చూపించారు. పటిక లాంటివి లేని హైపో వాడినప్పుడు మాత్రమే పనికొస్తుంది. డబ్బాలో నీళ్ళు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్ళీ నింపి 10 సార్లు. మళ్ళీ నింపి 20 సార్లు. అంతే. కుళాయి వదిలేసి అరగంట కూర్చోనక్కర్లేదు. నీటికి ఇబ్బంది పడే మనలాంటి ఊళ్ళకు ఇది గొప్ప ఉపకారం.

ఇప్పుడు నీటి గుణం. నా మట్టుకు అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ఇదే. పల్నాడు నేల కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఆ రాయి మీదే బతుకుతున్నాయి. ఆ రాతిలో ఊరిన బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మన ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, నీళ్ళు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అదే సున్నం నెగిటివ్ మీద కూడా ఆరుతుంది. కడిగి దండేనికి వేలాడదీసిన ఫిల్ము మీద ఒక్క నీటిచుక్క నిలిచి ఆరితే చాలు, అక్కడ తెల్లటి గుండ్రటి మచ్చ. ఆకాశంలో మచ్చ, చెంప మీద మచ్చ. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. గీత మచ్చ కంటే చెడ్డది.

దీనికి మందు చవకగా దొరుకుతుంది. ఆటో మెకానిక్ షాపులో అమ్మే బ్యాటరీ వాటర్. అందులో లవణాలు ఉండవు. మొదటి కడుగుళ్ళన్నీ మామూలు నీళ్ళతో కానిచ్చి, ఆఖరి కడుగు మాత్రం బ్యాటరీ వాటర్‌తో, అందులో నీరు చుక్కకట్టకుండా జారిపోయేలా చేసే ద్రావకం ఒకటి రెండు బొట్లు వేసి ముంచి తీస్తే మచ్చలు రావు. ఊరి ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళు బోరు నీళ్ళ కంటే నయం, బ్యాటరీ వాటర్ అంత మంచివి కావు. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది కుర్రాళ్ళు ఈ పని మానేశారో! అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

అయితే ఆ సున్నపురాయి మీద నాకు కోపం లేదు. మా ఊరి నుంచి కృష్ణ వెంట కిందికి వెళితే అమరావతి. అక్కడి మహాస్తూపానికి చెక్కిన పాలరాతి లాంటి ఫలకాలన్నీ పల్నాటి సున్నపురాయే. వాటిలో చాలా భాగాన్ని వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపించాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడే వాటిలో ఎక్కువ భాగం ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన రాయి మన దేశంలో ఉండగా చివరిసారి ఎలా ఉందో చెప్పే సాక్ష్యం ఆ ఫొటోలు. మద్రాసు ఎండలో, అప్పటి మందులతో ట్రైప్, ఆయన సహాయకుడు అయ్యస్వామి ఆ నెగిటివ్‌లు ఎలా కడిగి ఉంటారా అని నేను తరచుగా ఆలోచిస్తాను.

ఎగువకు వెళ్ళినా ఇదే కథ. మాచర్ల దగ్గర నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వారు. తవ్వుతుండగానే 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి చేసిన తవ్వకం అది. కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించారు. మిగతా లోయ నీటి కింద ఉంది. అది ఎలా ఉండేదో నేడు మనం చూడాలంటే ఆనాటి నలుపు తెలుపు ఫొటోలే ఆధారం. మాకు దగ్గర్లో పులిచింతల ప్రాజెక్టు. దానికి 1988లో శంకుస్థాపన అయింది, 2013 డిసెంబరులో ప్రారంభమైంది. ఇటు అప్పటి గుంటూరు జిల్లా ఊళ్ళూ, అటు అప్పటి నల్గొండ జిల్లా ఊళ్ళూ ముంపులో పోయాయి. ఆ ఊళ్ళ వీధులు, గుళ్ళు, అరుగులు ఎవరి పెళ్ళి ఫొటో వెనకాలో ఉండి ఉంటాయి. వెతికేవాళ్ళు కావాలి.

మళ్ళీ పనిలోకి వద్దాం. బాగా కడిగిన ఫిల్మును డబ్బాలోంచి తీసి మొదటిసారి వెలుగుకు పట్టే ఘడియ ఉందే, అది ఎన్నేళ్ళు చేసినా పాతబడదు. హైపోలో పడక ముందు ఫిల్ము పాలలా తెల్లగా మసకగా ఉంటుంది. కొద్ది నిమిషాల్లో మసక విడిపోయి అద్దంలా తేటపడుతుంది. తేటపడటానికి ఎంత సేపు పట్టిందో అంతకు రెట్టింపు సేపు ఉంచి తీయాలి. అప్పుడు వరుసగా 36 చిన్న బొమ్మలు, తెల్లవన్నీ నల్లగా, నల్లవన్నీ తెల్లగా. మల్లెపూల చెండు బొగ్గులా, గేదె వెన్నలా. అలవాటయ్యాక ఆ తిరగేసిన బొమ్మనే నేరుగా చదవడం వస్తుంది. ఏది బాగా పడింది, ఎక్కడ నీడలో వివరం నిలిచింది అన్నది కిటికీ దగ్గర నిలబడే తేల్చుకోవచ్చు. దానికి కరెంటు అక్కర్లేదు, ఏ యంత్రమూ అక్కర్లేదు.

మా ప్రాంతపు వెలుగు ఫిల్మును కఠినంగా పరీక్షిస్తుంది. మధ్యాహ్నం పత్తి చేలో తెల్లటి పంచె కట్టుకుని, తలపాగా నీడలో ముఖం ఉన్న రైతును తీయండి. పంచె వెలుగుకూ ముఖం నీడకూ మధ్య అంతులేని దూరం. కెమెరా చెప్పినట్టు తీస్తే ముఖం ఉండదు. నీడ కోసం వెలుగు ఎక్కువ ఇవ్వాలి, తర్వాత కడిగేటప్పుడు సమయం తగ్గించి పంచెను కాపాడుకోవాలి. 400 స్పీడు ఫిల్మును 200 అనుకుని తీసి, కడిగే సమయంలో అయిదో వంతు కోసేస్తే మా ఎండకు సరిపోతుందని నా అనుభవం. ఫొటో తీసే చెయ్యీ, కడిగే చెయ్యీ ఒక్కటే అయితే తప్ప ఇది కుదరదు. ఇంట్లో కడుక్కోవడంలో పెద్ద లాభం ఇది.

మిరపకాయల సంగతి చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు మన కంటికి మంట మండినట్టు కనపడతాయి. ఇప్పటి నలుపు తెలుపు ఫిల్ములో ఆ ఎరుపు, పక్కన చేలో ఆకుల పచ్చన, రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో పడతాయి. రాశి కాస్తా చప్పబడిపోతుంది. లెన్సు ముందు ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే మిరపకాయ నల్లబడి, ఆకు తెల్లబడి, రాశికి ఆకారం వస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెడితే అదే మిరపకాయ తెల్లగా తేలిపోతుంది. రంగును వెలుగుగా ఆలోచించడం అప్పుడే అలవాటవుతుంది.

దీనికి మన ఇళ్ళలోనే ఒక పాత రుజువు ఉంది. మీ తాతమ్మగారి ఫొటో ఉంటే చూడండి. నుదుటి మీద కుంకుమ బొట్టు కాటుకంత నల్లగా ఉంటుంది. ఆ రోజుల్లో చాలా ఫిల్ములకూ గాజు పలకలకూ ఎరుపు కనపడేది కాదు, ఎర్రటిదల్లా నల్లగా పడేది. డార్క్ రూములో ఎర్ర బల్బు వెలిగించుకుని పని చేయగలిగింది కూడా అందుకే. తర్వాత వచ్చిన ఫిల్ము అన్ని రంగులనూ చూస్తుంది కాబట్టి దానికి కటిక చీకటి కావాలి. ఆ చీకట్లో, చేతులు నల్ల సంచిలో దూర్చి, కంటితో చూడకుండా ఫిల్మును చక్రానికి చుట్టాలి. ఉక్కపోత రోజుల్లో వేళ్ళ చెమటకు ప్లాస్టిక్ చక్రంలో ఫిల్ము సగంలో అతుక్కుపోతుంది, ముందుకూ రాదు వెనక్కూ పోదు. అప్పుడు బలం పెడితే మడత పడి, బొమ్మ మీద నెలవంక ఆకారంలో గుర్తు మిగులుతుంది. ఫిల్మును చక్రంతో సహా డబ్బాలో పెట్టి మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టడమే మార్గం. ఓర్పు అనేది ఇందులో సుగుణం కాదండీ, పనిముట్టు.

కడగడం ఇలా ఉంటే, స్కాన్ చేయడం ఇంకో రకం పరీక్ష. డార్క్ రూములో ప్రింటు వేసేవాళ్ళు ఇప్పుడు అరుదు. కాగితం సులువుగా దొరకదు, ఎన్‌లార్జర్లు పాత సామాన్లకు పోయాయి. చాలామందిమి నెగిటివ్‌ను స్కానర్ మీదే చదువుతున్నాం. పై నుంచి వెలుగు ఇచ్చే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి, లేదా లైటు పలక మీద నెగిటివ్ పెట్టి మాక్రో లెన్సు ఉన్న డిజిటల్ కెమెరాతో ఫొటో తీయడం ఒకటి, ఇవి రెండు దారులు.

స్కానర్‌కు ధూళి అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. పత్తి తీతల కాలంలో మా గాలి నిండా నూగు. కంటికి కనపడని ఒక్క పోగు నెగిటివ్ మీద వాలితే తెర మీద తాడంత తెల్లగా కనపడుతుంది. రంగుల ఫిల్ముకు స్కానర్లలో ధూళిని తనంతట తానే చెరిపేసే ఏర్పాటు ఉంటుంది. పరారుణ కిరణాలు పంపి చూస్తుంది. రంగుల బొమ్మలో చివరికి మిగిలేది రంగు పదార్థమే, అందులోంచి ఆ కిరణాలు దాటిపోతాయి, ధూళి మాత్రం అడ్డుపడుతుంది. కాబట్టి ధూళి ఎక్కడుందో యంత్రానికి తెలుస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి. వెండి కూడా ఆ కిరణాలను ఆపేస్తుంది. యంత్రానికి బొమ్మకూ దుమ్ముకూ తేడా తెలియదు, మనిషి కనుబొమ్మలను కూడా ధూళి అనుకుని చెరిపేయబోతుంది. కాబట్టి ఆ మీట ఆపేసి, ఒక్కొక్క మచ్చనూ మనమే చేత్తో తీయాలి. ఒక్క ఫ్రేముకు గంట కూడా పట్టవచ్చు.

ఫిల్ము వంకర తిరగడం మరో బాధ. పొడి గాలిలో ఆరిన ఫిల్ము నిలువునా చుట్టుకుంటుంది, స్కానర్ చట్రంలో మధ్య ఉబ్బి అంచులు మసకబారతాయి. అద్దంతో అణిచిపెడితే అద్దానికీ ఫిల్ముకూ మధ్య ఇంద్రధనుస్సు వలయాలు వస్తాయి. బరువైన పుస్తకాల కింద కొన్ని రోజులు పెట్టడమే పాతకాలపు, నమ్మకమైన పద్ధతి. ఇక సంఖ్యలు. చిన్న ఫిల్ము ఫ్రేము 24 మిల్లీమీటర్లు, 36 మిల్లీమీటర్లు. అంగుళానికి 3,200 చుక్కల చొప్పున చదివితే కోటీ 37 లక్షల చుక్కలు వస్తాయి. పాత స్టూడియోల 120 ఫిల్ము చదరపు ఫ్రేము అయితే దాదాపు 5 కోట్లు. డబ్బా మీద ఇంకా పెద్ద సంఖ్యలు రాసి ఉంటాయి కానీ, ఆ రకం స్కానర్లు నిజంగా పట్టే వివరం దానికంటే చాలా తక్కువ. నేను మీకు చెప్పేది ఒక్కటే. యంత్రాన్ని సొంతంగా నిర్ణయించనివ్వకండి. దానికి బొమ్మ కొట్టొచ్చినట్టు ఉండాలి, అందుకని నీడల్నీ తెలుపుల్నీ నరికేస్తుంది. 16 బిట్‌లో, చప్పగా, అన్ని ఛాయలూ ఉండేలా తీసుకుని, నలుపెంత తెలుపెంత అన్నది తర్వాత మీ కంటితో తేల్చుకోండి.

ఇంత కష్టానికి ఫలం ఏమిటో ఒక నెగిటివ్‌తో చెబుతాను. మా పక్క వీధి వాళ్ళ ఇంట్లో అటక మీది రేకు పెట్టెలో దొరికింది. పెళ్ళివారి గుంపు ఫొటో, 120 ఫిల్ము. ప్రింటు ఎప్పుడో చెదలు తినేసింది. పెళ్ళి ఏ ఏడాది జరిగిందో ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు. కడిగినవాడు ఎవరో గానీ చేతి శుద్ధి ఉన్నవాడు. హైపో మరక లేదు, పచ్చదనం లేదు. స్కాన్ చేసి పెద్దది చేసుకుంటూ పోతే, పందిరి వెనక గోడ మీద ఎన్నికల రాత, పక్కన ఆవూ దూడా బొమ్మ. కాంగ్రెస్ పార్టీకి ఆ గుర్తు 1971 ఎన్నికలతో వచ్చింది. 1980 ఎన్నికల నాటికి గోడల మీదికి చెయ్యి గుర్తు ఎక్కింది. అంటే పెళ్ళి ఆ మధ్యలోది. ఇంకా చూస్తే, వరుసలో ఆఖరున పందిరి గుంజ నీడలో ఒక చిన్న పిల్ల, ప్రింటులో అయితే ఆ నీడ నల్లగా మూసుకుపోయి ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ తెర ముందు కూర్చుని, "అది మా చెల్లెలే కదూ" అంది. ఆ చెల్లెలికి ఇంకో ఫొటో లేదట.

నలుపు తెలుపు స్టూడియోల కాలం పల్నాడులో దాదాపు 1990ల నడిమి దాకా సాగింది. ఊటీలో ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ 1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. వాళ్ళ ఇందు ఫిల్ము, ఇందు కాగితం మన ఊళ్ళ స్టూడియోల దాకా వచ్చాయి. హాల్ టికెట్టు ఫొటోలు, పెళ్ళిచూపులకు పంపే ఫొటోలు, శవం పక్కన కూర్చుని తీయించుకున్న ఫొటోలు కూడా వాటి మీదే. బాబాయి లాంటివాళ్ళు నెగిటివ్ మీదే సన్నటి పెన్సిల్‌తో ముఖంలో మచ్చలు సరిచేసేవాళ్ళు. స్కాన్‌లో ఆ పెన్సిల్ గీతలు కనపడతాయి. నేను వాటిని చెరపను. అవి ఒక పనివాడి చేతి గుర్తులు.

రంగుల ల్యాబులు వచ్చాక ఆ స్టూడియోల్లో చాలా వాటికి తాళాలు పడ్డాయి. నెగిటివ్‌లు ఏమయ్యాయి? కొన్ని తడిసి అతుక్కుపోయాయి. కొన్ని పాత సామాన్లవాడి తక్కెడలోకి వెళ్ళాయి, వెండి తీసేవాళ్ళు కొనుక్కున్నారు. హైదరాబాదు నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన గాజు నెగిటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మహారాజుల వేటా, కోటలూ, దర్బారులూ అందులో ఉన్నాయి. అవి దక్కినందుకు సంతోషం. కానీ అచ్చంపేట, క్రోసూరు, సత్తెనపల్లి, గురజాల స్టూడియోల్లో నిలబడి ఫొటో తీయించుకున్న కూలీలకూ రైతులకూ బడిపిల్లలకూ అలాంటి చోటు లేదు. వాళ్ళ చోటు మన అటకే.

కాబట్టి అటక ఎక్కండి. నెగిటివ్‌లు దొరికితే అంచులు మాత్రమే పట్టుకోండి. ముక్కు దగ్గర పెట్టుకుని, వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుందేమో చూడండి. వస్తే ఆ ఫిల్ము ఆధారపొర శిథిలమవడం మొదలైందని అర్థం. అది పక్కవాటికీ అంటుకుంటుంది కాబట్టి వేరే ఉంచి, ముందు వాటినే స్కాన్ చేయించండి. ప్లాస్టిక్ ఆల్బముల్లో, పాలిథిన్ సంచుల్లో పెట్టకండి, మన తేమకు అతుక్కుపోతాయి. కాగితం కవర్లలో, ఇంట్లో చల్లగా పొడిగా ఉండే గదిలో పెట్టండి. రేకుల షెడ్డూ వద్దు, వంటిల్లూ వద్దు. ఒకదానికొకటి అతుక్కుని ఉంటే లాగకండి, తెలిసినవాళ్ళకు చూపించండి.

స్కాన్ చేయించాక నెగిటివ్ ఇంక ఎందుకని అడుగుతారు. స్కాన్ అనేది ఒక రోజున, ఒక యంత్రంతో, ఒక మనిషి చదివిన చదువు. నా పాత స్కానర్‌తో చదివిన నెగిటివ్‌లనే కొత్తగా కెమెరాతో చదివితే గోడ మీద అక్షరాలు కూడా తేలాయి. రేపు ఇంకా మంచి యంత్రం వస్తుంది, ఇంకా ఓపిక ఉన్న మనిషి వస్తాడు. 1957 నాటి మాయాబజార్ సినిమాను 2010లో రంగుల్లో చూడగలిగామంటే అంతకాలమూ ఆ ఫిల్మును ఎవరో దాచి ఉంచారు కాబట్టే. ఆ రంగుల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకైతే ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెలుగునీడలే ఇష్టం. మళ్ళీ ఆ నలుపు తెలుపులోనే చూసుకునే వీలు కూడా ఆ దాచిన ఫిల్మే ఇస్తుంది. అందుకని కంప్యూటర్‌లో ఒక కాపీ, వేరే చోట ఇంకో కాపీ పెట్టుకోండి, నెగిటివ్‌ను మాత్రం కవర్లోనే ఉంచండి.

కవరు మీద పెన్సిల్‌తో పేర్లు రాయండి. నెగిటివ్ లోపల పెట్టక ముందే రాయండి, లేకపోతే పెన్సిల్ ఒత్తిడి పొర మీద పడుతుంది. ఎవరు, ఏ ఊరు, ఎవరి పెళ్ళి. మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను ఈ వారమే అడగండి. నామకరణం నాటి పేరూ, వీధిలో పిలిచే పేరూ రెండూ రాయండి. మన ఊళ్ళలో చాలామందిని మనుషులు గుర్తుపట్టేది ఆ రెండో పేరుతోనే.